6 స్థానంలో 6, 16 స్థానంలో 16: ప్లగ్ పాయింట్ మార్చే ముందు చూడాల్సిన అంకెలు

ఇంట్లో ప్లగ్ పాయింట్ పాడైతే మూడు రకాలుగా తెలుస్తుంది. పిన్ను పెడితే పట్టు లేకుండా ఊగుతుంది. స్విచ్ వేయగానే లోపల చిటపటమంటుంది. రంధ్రాల చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి కమురు వాసన వస్తుంది. ఖమ్మం జిల్లా పెనుబల్లి వాళ్లయితే వీఎం బంజర్ దాకా వెళ్లి కొత్త సాకెట్ తెచ్చుకుంటారు. బిగించే పని అరగంటది. ఎలాగూ మారుస్తున్నాం, పెద్దదే పెడదామనుకుని 6 ఆంపియర్ల సాకెట్ తీసేసి 16 ఆంపియర్లది పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు. ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది. సాకెట్ మీది అంకె, గోడలో తీగ మందం, మెయిన్ బోర్డులో కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్ ఎంసీబీ సైజు మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. ఒక్కటి మార్చి మిగతా రెండూ వదిలేస్తే మారింది ప్లాస్టిక్ ముక్కే, పాయింట్ కాదు.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి

ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం 1966లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో అక్కడే ఏడో దశ కింద 800 మెగావాట్ల యూనిట్ తోడైంది. అక్కడ పుట్టిన కరెంటైనా, గ్రిడ్‌లో మరోచోట పుట్టిందైనా, సబ్‌స్టేషన్ల దగ్గర మెట్టు మెట్టుగా వోల్టేజీ తగ్గించుకుంటూ చివరికి 11,000 వోల్టుల లైనుగా ఊళ్లోకి వస్తుంది. ఊళ్లోని ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 433 వోల్టులకు దించుతుంది. ఇది ఫేజుకూ ఫేజుకూ మధ్య లెక్క. ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య చూస్తే 250. తీగ పొడవునా, లోడు పెరిగేకొద్దీ ఆ 250 కొంత తగ్గి, ఇంట్లో 230కి అటూ ఇటూగా ఉంటుంది. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ ఇళ్ల సరఫరాలో 6 శాతం తేడాను ఒప్పుకున్నాయి. అంటే సుమారు 216 నుంచి 244 వోల్టుల దాకా.

ఈ లెక్క ఎందుకంటే, ఇంట్లో లైట్లన్నీ ఒకేసారి మసకబారుతుంటే సాకెట్ మార్చి లాభం లేదు. లైను చివర ఉన్న ఇళ్లలో లోడు పెరిగిన వేళ వోల్టేజీ పడిపోవడం సరఫరా సమస్య. అది తెలంగాణ ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ చూడాల్సిన పని, 1912కు ఫోన్ చేయాలి. మిగతా ఇల్లంతా బాగుండి ఒక్క పాయింటే మొరాయిస్తే తప్పు ఆ బోర్డులో ఉంది. ఏదైనా వస్తువు పెట్టి స్విచ్ వేసినప్పుడు అది నడవకపోగా, సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలిగితే న్యూట్రల్ తెగిందని అర్థం. అప్పుడు కొత్త సాకెట్ కొనే ముందే న్యూట్రల్ ఎక్కడ ఊడిందో వెతకాలి.

6 ఎంత మోస్తుంది, 16 ఎంత మోస్తుంది?

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్ల సాకెట్ మోయగలిగేది 1,380 వాట్లు. 16 ఆంపియర్లది 3,680 వాట్లు. ఇంట్లోని వస్తువులను ఈ లెక్కకు తెస్తే ఇలా ఉంటుంది:

- టీవీ, 100 వాట్లు: 0.4 ఆంపియరు
- మిక్సీ, 750 వాట్లు: 3.3 ఆంపియర్లు
- ఇస్త్రీ పెట్టె, 1,000 వాట్లు: 4.3 ఆంపియర్లు
- నీళ్లు కాచే రాడ్డు, 1,500 వాట్లు: 6.5 ఆంపియర్లు
- ఇండక్షన్ స్టవ్, 2,000 వాట్లు: 8.7 ఆంపియర్లు
- గీజర్, 3,000 వాట్లు: 13 ఆంపియర్లు

గీత దాటేది రాడ్డు దగ్గర. 1,500 వాట్ల రాడ్డును 6 ఆంపియర్ల పాయింట్‌లో పెడితే అర ఆంపియరు ఎక్కువ. ఒక్కరోజులో ఏమీ కాదు. చలికాలమంతా పొద్దున్నే అరగంట చొప్పున నడిస్తే సాకెట్ లోపలి ఇత్తడి రేకులు వేడెక్కి చల్లారి, మళ్లీ వేడెక్కి, క్రమంగా బిగువు కోల్పోతాయి. ఒకే పాయింట్ నుంచి జంక్షన్ బాక్సు లాగి ఇస్త్రీ పెట్టె, మిక్సీ రెండూ నడిపితే 7.6 ఆంపియర్లు. అదీ గీత దాటినట్టే.

పట్టు వదులైన చోట ఏం జరుగుతుందో కూడా లెక్కలోనే ఉంది. అతుకు దగ్గర పుట్టే వేడి, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించినంత. వదులు రేకు దగ్గర నిరోధం ఓమ్‌లో పదో వంతు ఉందనుకుందాం. 6.5 ఆంపియర్లకు పుట్టే వేడి 4 వాట్లు. 13 ఆంపియర్లకు 17 వాట్లు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. 16 ఆంపియర్ల దగ్గర అది 25 వాట్లు దాటుతుంది. రేడియో మెకానిక్ సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ కూడా 25 వాట్లదే. అంత వేడి గోడలో, గాలి ఆడని పెట్టెలో, ప్లాస్టిక్‌కు ఆనుకుని పుడుతుంది. ఎంసీబీకి ఇది తెలియదు. తన గుండా పోయే కరెంటు పెరగనంతవరకు అది కదలదు.

పిన్నుల వెనక ఉన్న చరిత్ర

మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గుకు మూలం 1934 నాటి బ్రిటిష్ ప్రమాణం, బీఎస్ 546. బ్రిటన్ 1947లో చదరపు పిన్నుల 13 ఆంపియర్ల ప్లగ్గుకు మారింది. మనం గుండ్రటివే ఉంచుకున్నాం. నాటి 5 ఆంపియర్ల సైజు నేడు మన 6, నాటి 15 నేడు మన 16. భారతీయ ప్రమాణం ఐఎస్ 1293 వీటికి వర్తిస్తుంది.

చిన్న ప్లగ్గు కింది రెండు పిన్నులు సుమారు 5.1 మిల్లీమీటర్ల మందం, మధ్య దూరం 19 మిల్లీమీటర్లు. పెద్ద ప్లగ్గువి 7.1 మిల్లీమీటర్లు, దూరం 25.4. ఎర్త్ పిన్ను రెండింటిలోనూ మందంగా, పొడవుగా ఉంటుంది. పెట్టేటప్పుడు అందరికంటే ముందు తగిలి, తీసేటప్పుడు చివరిదాకా పట్టుకుని ఉండేందుకే ఆ పొడవు. పెద్ద పిన్ను చిన్న సాకెట్‌లో పట్టకుండా సైజులు వేరుగా పెట్టారంటే అది ఇబ్బంది పెట్టడానికి కాదు, ఆపడానికి. కన్వర్టర్ ముక్క కొని 16 పిన్నును 6 సాకెట్‌లో దూర్చినప్పుడు మనం తీసేస్తున్నది ఆ కాపలానే. ప్లగ్గే లేకుండా వైర్ల కొసలు గుచ్చి అగ్గిపుల్లలు బిగించడం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

కొనేటప్పుడు సాకెట్ మీద ఐఎస్ఐ ముద్ర చూడండి. ముద్ర పైన ఐఎస్ 1293 అనీ, కింద సీఎం/ఎల్ అక్షరాలతో లైసెన్సు నంబరూ ఉండాలి. ఆ నంబరు అసలుదో కాదో ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. పిల్లలున్న ఇంటికి రంధ్రాలను మూసి ఉంచే షట్టర్ల సాకెట్ మేలు. రెండు పిన్నుల చార్జర్ పట్టడం లేదని పై రంధ్రంలో స్క్రూ డ్రైవర్ గుచ్చి షట్టర్ తెరిచే అలవాటు ఉంటే మాత్రం ఆ డబ్బు వృథా.

గోడలో తీగ ఎంత మందం?

ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ 1/18, 3/20, 7/20 అంటుంటారు. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండోది ఒక్కో పోగు గేజి. 20 గేజి పోగు వ్యాసం 0.914 మిల్లీమీటరు. 3/20 అంటే మొత్తం 1.97 చదరపు మిల్లీమీటర్ల రాగి. 7/20 అంటే 4.6. 1/18 అయితే 1.17 మాత్రమే. నేటి లెక్కలో లైట్లకు, 6 ఆంపియర్ల పాయింట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్లు, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గుకు కనీసం 2.5, పెద్ద గీజరుకూ ఏసీకీ 4 వేయడం ఆనవాయితీ.

సన్నతీగ మీద పెద్ద సాకెట్ పెడితే ఏమవుతుంది? ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు 0.018 ఓమ్ నిరోధం. మెయిన్ బోర్డు నుంచి పాయింట్ 20 మీటర్ల దూరమైతే పోనూ రానూ 40 మీటర్లు, 0.72 ఓమ్. 3,000 వాట్ల గీజర్ 13 ఆంపియర్లు లాగితే ఆ తీగలోనే 9 వోల్టులకు పైగా పోతాయి, 122 వాట్ల వేడి గోడలో పుడుతుంది. అదే 2.5 తీగ అయితే 4 వోల్టులు, 50 వాట్లు. పైగా ఒక చదరపు మిల్లీమీటరు తీగ పైపులో సురక్షితంగా మోసేది సుమారు 11 ఆంపియర్లే. గీజర్ నడుస్తుంది, నీళ్లు కాగుతాయి, బయటికి ఏ తేడా కనబడదు. లోపల ఇన్సులేషన్ ఎండి పెళుసెక్కుతుంది.

పాత ఇళ్లలో చెక్క పట్టీ మీద అల్యూమినియం తీగలు ఇంకా ఉన్నచోట మరో లెక్క. అల్యూమినియం నిరోధం రాగి కంటే 60 శాతానికి పైగా ఎక్కువ. మెత్తటి లోహం కాబట్టి స్క్రూ కింద కాలక్రమంలో నలిగి వదులవుతుంది. దానికి రాగి తీగ మెలిపెట్టి టేపు చుట్టడం అతుకు కాదు. అలాంటి తీగ కనబడితే సాకెట్ పక్కన పెట్టి ఆ లైను మొత్తం మార్పించాలి.

ఎంసీబీ ఎవరిని కాపాడుతుంది?

16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటగానే పడిపోతుందని చాలామంది అనుకుంటారు. ప్రమాణం ప్రకారం 1.13 రెట్లు, అంటే 18 ఆంపియర్ల దగ్గర అది గంటసేపైనా పడకూడదు. 1.45 రెట్లు, అంటే 23.2 ఆంపియర్ల దగ్గర గంటలోపు పడాలి. ఇళ్లలో వాడే సీ రకం వెంటనే, రెప్పపాటులో పడాలంటే 5 నుంచి 10 రెట్లు, 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి.

ఎంసీబీ పని గోడలోని తీగను కాపాడటం. 6 ఆంపియర్ల పాయింట్ 16 ఎంసీబీ కింద ఉంటే, రాడ్డూ ఇస్త్రీ పెట్టే కలిసి 10.8 ఆంపియర్లు లాగినా ఎంసీబీ పడదు. సాకెట్ మాడుతుంది. ఊరికే పడిపోతోందని 16 తీసి 32 పెడితే తీగకూ రక్షణ పోతుంది. పాత పింగాణీ ఫ్యూజులో నాలుగు పోగులు మెలిపెట్టి వేసినా ఫలితం అదే.

బిగించే పద్ధతి

1. మెయిన్ స్విచ్ ఆపండి, ఆ లైను ఎంసీబీ ఒక్కటీ చాలదు. ఒంటి పోల్ ఎంసీబీ ఫేజునే తెంపుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపాలి. మెయిన్ ఆపినా అది తన లైన్లకు 230 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. కరెంటు పోయింది కదా, ఈలోపు కానిచ్చేద్దాం అనుకోవద్దు. లైను ఏ నిమిషాన తిరిగి వస్తుందో చెప్పలేం.

2. టెస్టర్‌ను ముందు పనిచేసే పాయింట్‌లో పెట్టి వెలుగుతోందని చూసి, ఆ తర్వాత మెయిన్ ఆపి ఈ పాయింట్‌లో చూడండి. టెస్టరే పాడై ఉంటే వెలగకపోవడానికి అర్థం లేదు.

3. బోర్డు స్క్రూలు విప్పి ముందుకు లాగి, తీగలు ఊడదీయకముందే ఫోన్‌తో ఫొటో తీయండి. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. పాత ఇళ్లలో రంగులు పాటించి ఉండకపోవచ్చు, కాబట్టి రంగును నమ్మి కలపొద్దు. సాకెట్‌కు వచ్చే ఫేజు స్విచ్ గుండా రావాలి. న్యూట్రల్ స్విచ్ గుండా వస్తుంటే, స్విచ్ ఆపినా సాకెట్‌లో ఫేజు ఉంటుంది. ఆ తప్పు అప్పుడే సరిచేయించాలి.

4. తీగ కొస నల్లబడి ఉంటే ఎర్రటి రాగి కనబడేదాకా కత్తిరించి, 10 మిల్లీమీటర్లు ఒలిచి, మెలిపెట్టండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తటి తీగలో సాధారణంగా 0.3 మిల్లీమీటరు పోగులు 36 ఉంటాయి. టెర్మినల్ రంధ్రంలో పట్టడం లేదని 10 పోగులు కత్తిరిస్తే ఆ కొస దగ్గర 28 శాతం రాగి పోయినట్టే. తీగ 2.5ది, అతుకు 1.8ది. ఒలిచేటప్పుడు బ్లేడు గాటు పడి తెగిన పోగులదీ అదే కథ.

5. సాకెట్ వెనక అక్షరాలు చూడండి. ముందు నుంచి చూస్తే, ఎర్త్ రంధ్రం పైన ఉండగా కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. వెనక్కి తిప్పితే కుడి ఎడమలు మారతాయి, అందుకే అక్షరాలనే నమ్మాలి. ఎర్త్ ముందు బిగించండి. స్క్రూ కింద ఇన్సులేషన్ నలగకూడదు, బయట రాగి కనబడకూడదు. బిగించాక ఒక్కో తీగనూ పట్టి లాగి చూడండి.

6. ఎర్త్ తీగ లేదని ఎర్త్ టెర్మినల్‌ను న్యూట్రల్‌కు కలపడం కొందరు చేసే పని. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన క్షణాన ఆ పాయింట్‌లో ఉన్న ఫ్రిజ్ బాడీకో వాషింగ్ మెషీన్ బాడీకో నేరుగా 230 వోల్టులు చేరతాయి. ఇంత ప్రమాదకరమైన పొదుపు ఇంట్లో మరొకటి లేదు.

7. మెయిన్ వేసి, ఆ పాయింట్ మోయదగ్గ వస్తువును అరగంట నడిపించి, ఆపి, పిన్ను తీసి చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఏదో స్క్రూ వదులుంది, లేదా ప్లగ్గు పిన్నే అరిగింది.

ఎర్త్ లెక్క

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో 2021లో దేశంలో కరెంటు షాక్‌తో చనిపోయినవారు 12 వేలకు పైగా. ఇందులో పొలాల్లో పోయినవీ, లైన్ల మీద పోయినవీ ఉన్నాయి. ఇంట్లో మాత్రం మనిషికీ చావుకూ మధ్య నిలిచేవి రెండే: ఎర్త్, లీకేజీని పసిగట్టి సరఫరా తెంచే ఆర్‌సీసీబీ.

తడి చేతి మనిషి శరీర నిరోధాన్ని సుమారు 1,000 ఓమ్‌లు అనుకుంటే 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు పారతాయి. పట్టుకున్నది వదిలించుకోలేని స్థితి 10 మిల్లీ ఆంపియర్ల దగ్గరే మొదలవుతుంది. 230 అంటే దానికి 23 రెట్లు. అదే 230 మిల్లీ ఆంపియర్లు 16 ఎంసీబీకి లెక్కలోకే రావు.

ఇంటి ఎర్త్ గుంట నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా నేల దారి నిరోధం మొత్తం 10 ఓమ్‌లు అనుకుందాం. గీజర్ లోపల ఫేజు బాడీకి తగిలితే ఎర్త్ గుండా పారేది 23 ఆంపియర్లు. 16 ఎంసీబీ గంటలోపు తప్పనిసరిగా పడాల్సిన అంకె 23.2. అంటే గీజర్ బాడీ కరెంటుతో ఉంటుంది, ఎంసీబీ కదలకపోవచ్చు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే అదే 23 ఆంపియర్ల లీకేజీకి సెకనులో 25వ వంతు సమయంలో, 40 మిల్లీ సెకన్లలో పడిపోతుంది. ఎర్త్ ఉంటే లీకేజీ మొదలైనప్పుడే పడుతుంది, లేకపోతే మనిషి ముట్టుకున్నప్పుడు పడుతుంది. అందుకే రెండూ కావాలి.

ఐఎస్ 3043 ప్రకారం గాల్వనైజ్డ్ పైపు ఎర్త్ అయితే లోపలి వ్యాసం కనీసం 38 మిల్లీమీటర్లు, పొడవు 2.5 మీటర్లు. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు. నేల ఎండితే నిరోధం పెరుగుతుంది. పెనుబల్లి వైపు ఎండాకాలం ఎలా ఉంటుందో చెప్పాల్సిన పని లేదు, గుంటలో బిందెడు నీళ్లు పోస్తుండాలి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి వెలిగింది కాబట్టి ఎర్త్ బాగుందనడం సరికాదు. 60 వాట్ల బల్బు నిరోధమే 880 ఓమ్‌లు. ఎర్త్ 50 ఓమ్‌లకు పాడైనా వెలుగులో తేడా కంటికి ఆనదు. పైగా ఎర్త్ తెగి ఉంటే ఆ పరీక్ష చేస్తున్నంతసేపూ ఇంట్లోని ఇనుప బాడీలకు ఫేజు పాకుతుంది. ఇది మీటరుతో ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని.

ఎక్కడిదాకా మీ పని, ఎక్కడినుంచి వాళ్ల పని?

1956 రూల్స్‌లో 45వ నిబంధన దీన్ని స్పష్టంగా విడదీసింది. ఇంటి వైరింగ్‌లో చేర్పులు, మార్పులు, మరమ్మతులు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయాలి. బల్బులు, ఫ్యూజులు, స్విచ్చులు, ఫిట్టింగుల వంటివి మార్చుకోవచ్చు, కానీ వైరింగ్ సామర్థ్యం గానీ స్వభావం గానీ ఏమాత్రం మారకూడదు. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనలూ ఈ తేడాను అలాగే ఉంచాయి.

ఈ లెక్కన 6 తీసి 6 పెట్టడం మార్పిడి. 6 తీసి 16 పెట్టడం కొత్త పాయింట్ వేయడం. దానికి మెయిన్ బోర్డు నుంచి 2.5 తీగ విడిగా రావాలి, వెంట ఎర్త్ రావాలి, దాని ఎంసీబీ దానికుండాలి. పని చేసే మనిషిని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఈ సాకెట్‌కు వెనక ఏ తీగ ఉంది, ముందు ఏ ఎంసీబీ ఉంది?" జవాబు చెప్పకుండా స్క్రూ డ్రైవర్ తీసేవాడితో ఆ పని చేయించుకోవద్దు. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద టీ అక్షరం ఉన్న మీట నెలకోసారి నొక్కండి. నొక్కినా పడకపోతే సాకెట్ కంటే ముందు దాన్ని మార్చండి.